మతురీన్ పీపాకు చోటు

భర్త పోయాక మతురీన్ కుదురుగా కూర్చోవడం మానేసింది. ఫ్రాన్స్‌లో లువార్ నది ఒడ్డున ఉన్న మా ఊళ్లో వెనిగర్ అంటే ఆమెదే. ఎర్ర వైన్‌తో చేసింది మాంసం నానబెట్టడానికి, పులిసిన ఆపిల్ రసంతో చేసింది చేపలు ఊరవేయడానికి, తెల్ల వైన్‌ది వెన్న సాస్‌కి. మొదటి రెండూ వంటింటి జాడీల్లో ఉండేవి. తెల్లదాని పీపా మాత్రం నేలమాళిగలో, మరిది గసియెన్ వైన్ పీపాల పక్కన ఉండేది.

ఒకరోజు గసియెన్ మాళిగ మెట్ల మీంచే అరిచాడు.

"వదినా, దీన్ని తీస్తావా, నన్ను పారబొయ్యమంటావా? దీని మీద వాలిన ఈగలే నా వైన్ మీద వాలుతున్నాయి. అంతా పులిసిపోతే నువ్వు తాగుతావా?"

"మీ అన్న ఉన్నప్పుడు వాలలేదా ఆ ఈగలు?"

"అన్నయ్య నన్ను నోరెత్తనిచ్చాడా?"

పీపా అటకెక్కింది. వైన్‌ను వెనిగర్‌గా మార్చేది పైన మీగడలా కట్టే పొర. మావాళ్లు దాన్ని 'తల్లి' అంటారు. ఆ కుదుపుకి తల్లి అడుక్కి మునిగిపోయింది. కొత్తది కట్టేదాకా కదపకుండా ఆగాలి. మతురీన్ ఆగలేకపోయింది. మాటిమాటికీ మూత తీసి వాసన చూసింది. అటక వేడి ఎక్కువని కొట్టంలోకి దింపించింది. కొట్టం చల్లగా ఉందని వంటింట్లోకి దొర్లించింది. కట్టిన పొర కట్టినట్టే మునిగిపోయింది.

రొట్టె ఇవ్వడానికొచ్చిన బేకరీ ఫిర్మిన్ ఈ తంతు చూశాడు.

"ఏమ్మా మతురీన్, దాన్ని ఊరేగిస్తున్నావా? నా పొయ్యి వెనక గోడ ఎప్పుడూ గోరువెచ్చగా ఉంటుంది. అక్కడ పెట్టు. కానీ చలికాలం పోయేదాకా ముట్టుకోకూడదు."

"చూడనైనా చూడకూడదా?"

"చూడు. చేతులు కట్టుకుని చూడు."

పీపా బేకరీకి చేరింది. మతురీన్ రోజూ వెళ్లేది. చేతులు ఊరుకోక అతని పిండి పిసికేది, రొట్టెలు తీసేది, గచ్చు ఊడ్చేది. చలి తగ్గాక పీపా అడుగున కుళాయి తిప్పి చుక్క నాలుక మీద వేసుకుంది. పులుపు ఘాటుకి ముక్కు అదిరింది. గోడకానుకుని కాసేపు ఏడ్చింది. ఫిర్మిన్ అటు తిరిగి పొయ్యిలో కట్టెలు సర్దాడు.

గసియెన్ కూతురి పెళ్లికి వంట ఆమెదే. సన్నగా తరిగిన చిన్నుల్లిపాయలు ఆ వెనిగర్‌లో ఉడికించి, తడి ఇగిరాక చల్లటి వెన్న ముక్కముక్కగా వేసి గిలకొట్టి, నదిచేప మీద పోసింది. గసియెన్ రొట్టెముక్కతో పళ్లెం తుడిచాడు.

"ఇంకాస్త ఉందా వదినా? పీపా మళ్లీ మాళిగలోకి తెచ్చుకో, నేనేమీ అనను."

"వద్దులే. ఆ పొయ్యి వెనకే దానికి బాగుంది," అని సాస్ వడ్డించి, తను కూర్చోకుండానే వెళ్లిపోయింది.

మర్నాడు పెళ్లివారంతా ఇంకా పడుకునే ఉన్నారు. మతురీన్ బేకరీ తలుపు తట్టింది. ఫిర్మిన్ ఇంకా పొయ్యి రాజేయలేదు. చేతులకు పనేమీ లేక, ఆమె పీపా పక్కన కుదురుగా కూర్చుంది.