సరిగ్గా ఉన్న పేజీని దిద్దినవాడు

ఫొటో స్టూడియో అక్క తమ్ముణ్ణి మా వీధిలో అందరూ చుక్కలబ్బాయి అంటారు. ఉద్యోగం నుంచి రాగానే కంప్యూటర్ ముందు కూర్చుని, ఎవరో రాసిన పేజీల్లో వాక్యాల చివర మరిచిపోయిన చుక్కలు పెడుతుంటాడు. అవి ఎవరివో, ఎందుకో తెలుసుకోకపోతే నాకు కడుపు ఉబ్బిపోతుంది. వెళ్లి అడిగేశాను.

"ఒక ప్రోగ్రాం ఉంది పిన్నీ. డిస్కులో ఫైలు కావాలనగానే తలుపు తీస్తుంది. కాసేపు ఎవరూ ముట్టుకోకపోతే దానంతటదే వేసేస్తుంది. తలుపు పడకముందే డిస్కు పీకితే లోపలివి పాడైపోతాయి. దాన్నెలా వాడాలో రాసిన పేజీల్లో తప్పులు దిద్దుతుంటాను."

"తీసిన తలుపు వేస్తుందా? మీ బాబాయి కంటే నయమే! మరి నీకేమిస్తారు?"

"థాంక్స్ చెబుతారు."

ఆ మాట కోసమే ప్రాణం పెట్టి దిద్దేవాడు. ఏనాడూ పొరబడలేదు కాబట్టి, ప్రోగ్రాం తయారుచేసినాయన ఇతను పంపినవి సరిచూడటం కూడా మానేశాడట.

ఆ పేజీల్లో ఒకచోట తలుపు అయిదు నిమిషాలకు పడుతుందని ఉంది. మిగతా అన్నిచోట్లా ఒక నిమిషం అనే ఉంది. నలుగురిదీ ఒక మాట, ఒక్కడిది వేరే మాట అయితే ఎవరిని నమ్ముతాం? ఇతనూ అంతే. అయిదును ఒకటి చేసి పంపాడు. గడియారం పెట్టుకుని చూద్దామని తోచలేదు. నిజానికి మిగతావన్నీ పాతబడిన మాటలు, ఆ అయిదే నిజం.

స్టూడియోలో అక్క వాడేదీ ఆ ప్రోగ్రామే. ఇతను దిద్దిన ఆ పేజీనే అచ్చు తీసి దగ్గర పెట్టుకుంది. ఒక మధ్యాహ్నం మా వీధిలోనే ఉండే కుట్టు మిషన్ ఆవిడ తల్లికి ఫొటోలు తీసి, డిస్కులోకి పంపి, కెమెరాలోవి తుడిచేసి, నిమిషం దాటగానే డిస్కు పీకేసింది. లోపల ఇంకా తలుపు పడలేదు. ఒక్క ఫొటో కూడా దక్కలేదు. ముసలావిడను మళ్లీ పిలుద్దాంలే అనుకునేంతలో ఆవిడ కన్నుమూసింది. అప్పుడు తమ్ముడు గడియారం పెట్టి చూశాడు. అయిదు నిమిషాలే పట్టింది. ఆ సంగతి అక్కకు కూడా చెప్పలేదు.

కుట్టు మిషన్ ఆవిడ ఫొటో కోసం వచ్చినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. ఉండకుండా ఎలా ఉంటాను?

"పాడైపోయాయమ్మా. నాదే తప్పు, తొందరపడి డిస్కు పీకాను" అంది అక్క.

"ఒక్కటైనా లేదా?"

అక్క తల అడ్డంగా ఊపింది. తమ్ముడు ముందుకొచ్చాడు.

"నువ్వు తొందరపడలేదక్కా. పేజీలో ఉన్నట్టే చేశావు. ఆ పేజీ తప్పు."

"నువ్వు దిద్దిందే కదరా?"

"దిద్దకముందు సరిగ్గానే ఉంది. చెడగొట్టింది నేనే."

కుట్టు మిషన్ ఆవిడ ఇద్దరి వంకా చూసింది.

"ఆ పేజీల గొడవ నాకెందుకు బాబూ. అమ్మకు ఆ రోజు జడ నేనే వేశాను. ఫొటోలో ఎలా ఉందో చూసుకుందామని వచ్చాను" అని అక్క వైపు తిరిగింది. "నవ్విందా, తల్లీ?"

"నవ్వింది. పళ్లు లేవని చెయ్యి అడ్డం పెట్టుకుంటే నేనే తీయించాను."

"ఇంకా?" అంటూ ఆవిడ బల్ల మీద కూలబడింది.

అక్క గుర్తున్నదల్లా చెప్పసాగింది. తమ్ముడు అక్కడ ఉండనూ లేక, పోనూ లేక, కెమెరా స్టాండు పట్టుకుని నిలబడ్డాడు.