కొరికిన వంకాయలు

ఆత్మకూరు సంతలో మా మేనత్త కనపడితే వంకాయలమ్మే రైతులు ముందే నవ్వుకునేవాళ్లు. కాయ కనరుగా ఉందేమోనని కొరికి చూడందే ఆమె గంపలో వేసుకునేది కాదు. ఒక కాయ బాగుందని పక్కకాయను నమ్మే మనిషి కాదు. మంచు తడి ఆరని లేతకాయ దొరికితే సంత మధ్యలోనే కళ్లు మూసుకుని నమిలేది.

కొత్త అల్లుడు ఉదయగిరి నుంచి బండి కట్టుకుని మొదటిసారి భోజనానికొచ్చిన రోజు కూడా గంపలో ఉన్నవన్నీ కొరికిన కాయలే. మా మామ తల పట్టుకున్నాడు.

"అల్లుడికి ఎంగిలి కూర పెడతావేందే?"

"పొయ్యి మీద ఉడికినాక ఎంగిలేంది? కనరు కాయ పెడితే అదీ అవమానం," అనింది అత్త.

గుత్తివంకాయ వాసన వీధి దాకా పోయింది. అల్లుడు మళ్లీ మళ్లీ వేయించుకుని, చివరికి ఒక కాయను తిప్పి తిప్పి చూసినాడు.

"అన్నిటికీ ఇక్కడ సొట్ట ఉండాదేంది అత్తా?"

మామకు పొలమారింది. అత్త మాత్రం తొణకలేదు.

"మా ఊరి విత్తనం అంతే నాయనా."

అల్లుడు పోతూ పోతూ ఆ విత్తనం అడిగి తీసుకుపోయినాడు. కాపు రాగానే గంపెడు కాయలు తెచ్చి, చిన్నబోయిన మొహంతో అత్త ముందు పెట్టినాడు.

"ఎంత బాగా పెంచినా ఒక్కదానికీ సొట్ట రాలేదత్తా. మా నేల మంచిది కాదేమో."

అత్త ఒక కాయ తీసి కరుక్కున కొరికి, నిదానంగా నమిలి, మిగిలింది అతని చేతిలో పెట్టింది.

"ఇదిగో, వచ్చింది. నేల కూడా మంచిదే నాయనా, కనరు లేదు."