గుణం కనిపించింది

1968, శనివారం. ఇవాళ పొద్దున అయిదున్నర బస్సుకు మెదక్ నుంచి హైదరాబాదు బయల్దేరాను. సరదా ప్రయాణం కాదు. నేను ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్ టీచరుని. మూడేళ్లుగా సాయంత్రాలు మా ఊరి దవాఖానాలో పదకొండుమంది ఆడవాళ్లకు నడుము నొప్పికి, ఉబ్బసానికి యోగా నేర్పుతున్నాను. ట్రైనింగులో ఉండగా మా టీచరమ్మ రెండేళ్లు దగ్గరుండి నేర్పిన విద్య అది. కొత్తగా వచ్చిన డాక్టరమ్మ, సర్టిఫికెట్ లేనివాళ్లు వచ్చే నెల నుంచి వార్డులోకి రాకూడదంది. ఆ సర్టిఫికెట్ ఆబిడ్స్‌లో ఒక్కరోజు పరీక్షతో ఇస్తారని తెలిసినప్పుడే నాకు ఒళ్లు మండింది.

బస్సులో పక్కసీటు ముసలమ్మ పలకరించింది. “ఏడికి బిడ్డా?”

“పరీక్షకమ్మా.”

“గీ వయసుల పరీక్షేందే!” అని ఒకటే నవ్వు. నాకు నలభై రెండు. నవ్వు రాలేదు.

తొమ్మిదింబావుకు గౌలిగూడలో దిగి, రెండిడ్లీ తిని చాయ్ తాగాను. రిక్షా అతను ఆబిడ్స్‌కు ముప్పావలా అడిగి అర్ధరూపాయికి ఒప్పుకున్నాడు. వెళ్లేవాళ్లకు గుర్తు చెబుతాను: పెద్ద పోస్టాఫీసు దాటాక సందులో, బట్టల దుకాణం పైన మేడ. మెట్లు నిటారుగా, ఇరుకుగా ఉంటాయి. నడుము నొప్పివాళ్లను పిలిచి ఎక్కించేది ఆ మెట్లే.

పదింటికి పరీక్ష మొదలైంది. పరీక్షకు వచ్చినవాళ్లలో ఎవరెంతసేపు శీర్షాసనంలో నిలుస్తారో గడియారం పెట్టి చూశారు. డ్రిల్లు సల్వారు వేసుకుని నేనూ నిలబడ్డాను. మా దవాఖానాకు వచ్చేవాళ్లలో ఒక్కరికీ అది పనికిరాదు. ఉబ్బసం మనిషి ఊపిరి తీసే తీరును ఎలా గమనించాలని మాత్రం ఎవరూ అడగలేదు.

పన్నెండింటికి రోగులు వచ్చారు. ఉచిత వైద్యమని నాంపల్లి గల్లీల నుంచి పిలిపించినవాళ్లు. ఒక్కొక్కరికి ఒక్కో రోగి, ఒక చీటీ. చీటీలో జబ్బు పేరు, దాని కింద చేయించాల్సిన ఆసనాలు. చివర రోగి రిజిస్టరులో “గుణం కనిపించింది” అని రాసి సంతకం పెట్టాలి. పెడితే పాసు.

నా చీటీలో నడుము నొప్పి. నా రోగి నర్సింగరావు, ఏదో ఆఫీసులో గుమాస్తా, యాభై ఏళ్ల మనిషి. “నొప్పి ఎక్కడుంది?” అని అడిగాను.

“నడుముల కంటే కాల్ల ఎక్కువ గుంజుతదమ్మా. వంగితే ప్రాణం పోతది.”

చీటీలో మొదటి ఆసనమే కాళ్లు చాపి ముందుకు వంగడం. ఇలాంటి కాలి నొప్పి ఉన్నవాళ్లను వంచకూడదని మా టీచరమ్మ మొట్టమొదట నేర్పింది. పరీక్షకుడితో ఆ మాటే అన్నాను.

“రోగిని ప్రశ్నలడగడం మీ పని కాదు. చీటీలో ఉన్నది చేయించండి. లేదా లేచి వెళ్లండి” అన్నాడాయన.

పదకొండుమందీ కళ్లలో మెదిలారు. నర్సింగరావు వైపు తిరిగి, “వంగండి” అన్నాను.

ఆయన వంగాడు. సగంలోనే “అమ్మా” అని పక్కకు ఒరిగిపోయాడు. పరీక్షకుడు రిజిస్టరు తెచ్చి చాప మీద పెట్టాడు. పడుకునే ఉండి కలం అందుకున్నాడు నర్సింగరావు.

“రాయకండి” అన్నాను. అదీ గొంతు దాటీ దాటకుండా.

“గంత దూరంకెళ్లి వచ్చిన్రు. పాస్ కావాలె గదమ్మా” అని రాసి, ఆఫీసు అలవాటు కొద్దీ తారీకు కూడా వేశాడు.

రెండింటికి సర్టిఫికెట్ చేతిలో పెట్టారు. నర్సింగరావును రిక్షాలో నాంపల్లిలోని ఆయన ఇంటికి తీసుకెళ్లాను. గుంతొచ్చినప్పుడల్లా ఆయన మూలిగాడు. నేను పరీక్షకుడిని తిట్టుకున్నాను. తర్వాత నన్ను నేను అంతకంటే గట్టిగా తిట్టుకున్నాను.

పరీక్షలో వంగితే పట్టేసిందని ఆయన గుమ్మంలోనే భార్యకు చెప్పాడు. ఇంట్లో ఆయన్ను బోర్లా పడుకోబెట్టి, ఛాతీ కింద దిండు పెట్టి, నెమ్మదిగా ఊపిరి వదలమన్నాను. అరగంటకు కాలి గుంజుడు తగ్గింది. ఆయన కళ్లు మూసుకున్నాడు. అంతవరకూ గుమ్మంలో నిలబడి చూసిన ఆయన భార్య అప్పుడు మాట్లాడింది.

“ఆయన వంగొద్దని మీకు తెల్వదా?”

“తెలుసు.”

“మరి గిట్ల పండబెట్టుడు ఆడనే ఎందుకు చేయలేదమ్మా?”

“సర్టిఫికెట్ కోసం” అన్నాను. అబద్ధం చెప్పే ముఖం లేదు. ఆమె నన్ను తిట్టినా బాగుండేది. నా సంచీ తెచ్చి చేతికిచ్చింది.

అయిదు గంటల మెదక్ బస్సు దొరికింది. కిటికీ పక్కన కూర్చుని సర్టిఫికెట్ విప్పి చదివాను. రోగిని పరీక్షించి నయం చేయగల యోగ్యురాలినని పెద్ద అక్షరాలతో ఉంది. చించి బయట పారేయాలన్నంత కోపం వచ్చింది. చించితే పదకొండుమందీ నాకోసం వార్డు బయట కూర్చుంటారు. మడిచి మళ్లీ సంచీలో పెట్టుకున్నాను. సోమవారం డాక్టరమ్మ దాన్ని చూసి సంతోషిస్తుంది. నేనూ నవ్వుతూ అందించాలి.

రేపు ఆదివారం. ప్రతివారం వెళ్లే చర్చి మానేసి మొదటి బస్సుకే మళ్లీ నాంపల్లి వెళ్తాను. నర్సింగరావు రమ్మనే అంటాడు. ఆయన భార్య తలుపు తీస్తుందో లేదో తెలియదు.