నాన్న ముఖంలో గీతలు

యంత్రాలకు మనసుండదంటారు. ఆ మాట అన్నవాళ్ళు ఇంక్‌జెట్ ప్రింటరు కొని ఉండరు. నా దగ్గరున్న దానికి మనసు ఒక్కటే కాదు, అలక, పౌరుషం, పగ కూడా ఉండేవి. ఫోటోలు అడిగేవాళ్ళెవరూ లేని రోజున అద్దంలాంటి ప్రింటు తీసేది. గుమ్మంలో మనిషి నిలబడి "బేగి ఇయ్యమ్మా, బస్సెల్లిపోద్ది" అన్నాడా, అంతే సంగతులు, ఆ మనిషి నుదుటి మీద అడ్డంగా తెల్లటి చారలు పడేవి. "నాకు విబూది ఎట్టేవేటమ్మా?" అని అడిగాడొకాయన. ఆయన ప్రతి ఆదివారం చర్చికి వెళ్ళే మనిషి. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో గాజువాకలో మా ఇంటి ముందుగదిలో ఒక కంప్యూటరు, స్కానరు, ఈ మహాతల్లి ప్రింటరు పెట్టుకుని పాస్‌పోర్టు ఫోటోలు, పుట్టినరోజు కార్డులు చేసేదాన్ని. మా ఆయన స్టీల్ ప్లాంటులో షిఫ్టు డ్యూటీలు. అమ్మ పోయాక నాన్న మా దగ్గరే ఉండేవాడు. పగలంతా నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, కాగితం బయటికొస్తుంటే వింతగా చూసేవాడు. నేను ప్రింటర్ని తిట్టినప్పుడల్లా దాని తరఫున మాట్లాడేది ఆయనే. "దాన్ని తిట్టకు పాపా. మిషను మాట వినకపోతే దానికేటో కట్టమొచ్చిందని అర్తం" అనేవాడు.

నాన్న పోర్టులో క్రేన్ల దగ్గర పనిచేశాడు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ గేటు దగ్గర చొక్కా జేబులోంచి పాసు తీసి, చూపించి, లోపలికి వెళ్ళిన మనిషి. రిటైరైన రోజున ఆ పాసు తిరిగి ఇచ్చేశాడు. తరవాత మెల్లగా మతిమరుపు మొదలైంది. అది ముదిరేకొద్దీ, ఎక్కడినుంచి బయల్దేరినా, మా ఇంటి గేటు దాటినా, బడ్డీకొట్టు దగ్గర్నుంచి కదిలినా, ఆయన చెయ్యి జేబులోకి పోయేది. అందులో ఏమీ ఉండేది కాదు. ఖాళీ అరచెయ్యి ఎదుటివాళ్ళకు చూపించి, తలూపి, సాగిపోయేవాడు. వీధిలో పిల్లలు కూడా అరచెయ్యి చూపించి నవ్వేవారు. నేను వాళ్ళ మీద కేకలేస్తే నాన్న నన్నే కసిరేవాడు.

ఆయనకు అన్ని పండగల కన్నా ఆయుధపూజ ఇష్టం. మా వైపు ఆ రోజు యంత్రమన్నది కదలదు. ఆటోనగర్లో లేతు మిషన్లకు దండలు వేసి, బొట్లు పెట్టి, గుమ్మడికాయ కొట్టి షెడ్లు మూసేస్తారు. ప్రెస్సులు, స్టూడియోలు, జిరాక్సు కొట్లు, ఆఖరికి దర్జీ కత్తెర కూడా పీట మీద పడుకుంటుంది. ఆ ఏడాది నేను కూడా ప్రింటర్ని తుడిచి, పసుపు రాసి, కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేశాను. పండగ పనుల్లో పడి అంతకు ముందు కొన్నాళ్ళుగా దాన్ని ముట్టుకోనేలేదు. నాన్న తెల్లచొక్కా వేసుకుని వచ్చి దానికి దండం పెట్టాడు.

"నాను పూజకెల్లాల పాపా. క్రేనుకి దండెయ్యాల, అందరూ సూత్తుంటారు" అన్నాడు.

"నువ్వు రిటైరయిపోయేవు కదా నాన్నా" అన్నాను.

"ఔను కదా" అని కూర్చున్నాడు. నేను పొయ్యి మీద శనగలు చూసుకుని వచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. గేటు తీసి ఉంది.

మొదట వీధి, తరవాత బస్టాపు, తరవాత ఆటోలవాళ్ళు. ఆటోనగర్లో పనిచేసే నా తమ్ముడు పరుగెత్తుకొచ్చాడు. వాడూ మా ఆయనా స్కూటరు మీద పోర్టు గేటుకు వెళ్ళారు. అక్కడ కాపలావాళ్ళు ఎవరూ నాన్నను చూడలేదు. పోలీసు స్టేషన్లో రాసుకున్నారు. "ఫోటో ఏదమ్మా?" అన్నారు. ఊరందరి ఫోటోలూ చేసిన నేను నాన్నది ఒక్కటీ చెయ్యలేదు; ఉన్నది ఒక్కటే, తమ్ముడి పెళ్ళిలో వాడి భుజం మీద చెయ్యివేసి తీయించుకున్నది. అది పట్టుకుని కాపీల కోసం మేం ముగ్గురం గాజువాక అంతా తిరిగాం. ఒక్క షట్టరు కూడా తెరిచి లేదు. ఒక జిరాక్సు కొట్టాయన ఇంటికి వెళ్ళి కాళ్ళావేళ్ళా పడితే, "ఈరోజు మిషను ముట్టుకుంటే ఎలగమ్మా, ఎల్లుండి రండి" అన్నాడు. ఎల్లుండి! మా నాన్న ఎల్లుండి దాకా ఎక్కడ తింటాడు, ఎక్కడ పడుకుంటాడు?

ఇక మిగిలింది మా ఇంట్లో దండ వేసుకుని కూర్చున్న ప్రింటరే. పూజ చేసిన యంత్రాన్ని అదే రోజు కదపకూడదని నాకూ తెలుసు. ఆ పాపమేదో నా నెత్తిన వెయ్యి తల్లీ అని దండం పెట్టి, దండ తీసి, స్విచ్చి వేశాను.

పెళ్ళిఫోటో స్కాను చేసి, నాన్న ముఖం ఒక్కటీ పెద్దది చేశాక మొదటి కాగితం బయటికొచ్చింది. మా నాన్న ముఖం ఆకుపచ్చగా ఉంది. నుదుటి నుంచి గడ్డం దాకా అడ్డంగా తెల్లటి గీతలు, జైలు ఊచల వెనక నుంచి చూస్తున్నట్టు. ఎరుపు రంగు వచ్చే సన్నటి రంధ్రాలు వాడకం లేక ఎండిపోయాయన్నమాట. మామూలుగా మా ఉప్పుగాలికి నాలుగు రోజులు వదిలేస్తే చాలు, దానికి గొంతు పూడుకుపోతుంది.

ఆ జబ్బుకు మందు ప్రింటరులోనే ఉంటుంది. కంప్యూటర్లో క్లీనింగ్ అన్న బటన్ నొక్కితే, అది గరగరమంటూ గొంతు సవరించుకుని, ఉన్న ఇంకునే బలంగా కక్కి రంధ్రాలు కడుక్కుంటుంది. నొక్కాను. పరీక్ష కాగితం తీశాను. నీలం గీతలు నిండుగా, పసుపు నిండుగా, ఎరుపు గీతలు ముక్కలు ముక్కలుగా వచ్చాయి. మళ్ళీ నొక్కాను. ఒక ముక్క అతుక్కుంది, ఇంకోటి విరిగింది. ఇందులో ఉన్న మాయ ఏమిటంటే, కడిగేకొద్దీ ఇంకు అయిపోతుంది. బాగుచేసుకున్నాక ప్రింటు తియ్యడానికి రంగు ఉండదు. బాగుచెయ్యకుండా తీస్తే అది నాన్న కాదు. కొత్త కాట్రిడ్జి కొందామంటే కొన్న షాపుకు తాళం. వాళ్ళ ఫోను మోగి మోగి ఆగిపోయింది.

"సాలు, ఆపు" అన్నాడు మా ఆయన వెనక నుంచి. "ఉన్న రంగంతా కడుక్కోడానికే పోతంది. పచ్చగా ఉంటే ఉండనీ. నలుపులో తియ్యి."

నలుపులో తీశాను. ఆ పెళ్ళిఫోటోలో నాన్న నీడలో నిలబడ్డాడు. కళ్ళూ ముక్కూ ఒకే నల్లముద్ద అయిపోయాయి.

"ఈ ముద్దని చూసి ఎవరు గుర్తుపడతారండీ? మీరు గుర్తుపడతారా?" అని అరిచాను. ఆయన తప్పేముంది, ఏమీ లేదు. ఎవరిమీదో ఒకరి మీద అరవకపోతే గుండె ఆగిపోయేలా ఉంది. ఆయన వెళ్ళి వేడినీళ్ళు తెచ్చాడు.

కాట్రిడ్జి ఊడదీసి, తడిపి పిండిన మెత్తటి గుడ్డ మీద దాని మూతి ఆనించి పట్టుకున్నాను. గుడ్డ మీద నీలం మరక పడింది. పసుపు పడింది. అది ఇంకు పసుపో, నేను పూసిన పూజ పసుపో చెప్పలేను. ఎరుపు పడలేదు. గుడ్డ మార్చాను. బతిమాలాను. "నీకు దణ్ణం పెడతాను, బాబ్బాబూ, ఒక్కసారి" అన్నాను. నాన్న చెప్పినట్టు ఇక తిట్టకుండా అడిగాను. అప్పుడు కుంకుమ రేణువంత చుక్క కనబడింది. కొంచెం వెడల్పయింది.

మళ్ళీ బిగించి కాగితం పెట్టాను. ఫోటో పైనుంచి కిందికి వస్తుంది కదా. ముందు నెరిసిన జుట్టు వచ్చింది. చామనచాయ నుదురు వచ్చింది, ఒక్క గీత లేకుండా. కనుబొమ్మలు, తరవాత కళ్ళు. "నాన్నా" అని పైకే అనేశాను. మా ఆయన గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. కింద నల్లటి అక్షరాల్లో నాన్న పేరు, ఈయన కనబడుట లేదు, తెల్ల చొక్కా, మా ఫోన్ నంబరు. ఇంకు ఎంత వస్తే అంత తీసి, పక్కింటివాళ్ళ మంచం మీద కూడా ఆరబెట్టాను. చివరి కాగితాల్లో నాన్న మళ్ళీ పాలిపోతుంటే ఆపేశాను. తమ్ముడు వాటిని గుండెకు హత్తుకుని తీసుకెళ్ళాడు. రేపీపాటికి నాన్న ఇంట్లో ఉంటాడని ఆ రోజు నేను నిజంగా నమ్మాను. అన్నం కూడా తిన్నాను.

మా దగ్గర గోడకు కాగితం అంటించడమంటే మైదా ఉడకబెట్టడమే. సినిమా పోస్టరైనా, ఎలక్షన్ పోస్టరైనా బకెట్టెడు మైదా జిగురు, ఒక చీపురుకట్ట. తమ్ముడు కూడా అదే చేశాడు. వేడి జిగురు దట్టంగా పూసి, గాజువాక బస్టాపుల నుంచి ఆటోనగర్ దాకా, అక్కడినుంచి పోర్టు రోడ్డు దాకా స్తంభాలకీ గోడలకీ అంటించుకుంటూ పోయాడు. ప్రెస్సు అచ్చులా ఈ ఇంకు తడికి ఆగదని వాడికేం తెలుసు? నాకు తెలుసు గాని, వాడు మైదా వాడతాడని తట్టలేదు. పైగా సముద్రంలో వాయుగుండం. తెల్లారేసరికి తుంపర మొదలైంది.

ఇంటి దగ్గరి బస్టాపుకు వెళ్ళి చూశాను. రంగు ఇంకు నీళ్ళలాంటిది, తడి తగిలితే పారిపోతుంది. నల్ల ఇంకు అలా కాదు, రాయిలా అంటుకుని కూర్చుంటుంది. వెనకనుంచి జిగురు నానింది, ముందునుంచి చినుకు పడింది. నాన్న కళ్ళు చెంపల్లోకి, చెంపలు చొక్కాలోకి కారిపోయాయి. ముఖం ఉండాల్సిన చోట గులాబీ, నీలం కలిసిన మరక. కింద అక్షరాలు మాత్రం ముత్యాల్లా ఉన్నాయి. ఒక్కొక్క స్తంభం దగ్గరా అదే.

"ఓరి నీ తెలివి తెల్లారిపోనూ, ఏం పని చేశావురా!" అని నడిరోడ్డు మీద తమ్ముణ్ణి తిట్టాను. వాడు జిగురు చేతులతోనే ముఖం కప్పుకుని గట్టు మీద కూలబడ్డాడు. "నాకేటి తెల్సక్కా, నాకేటి తెల్సు" అంటూ ఏడ్చాడు. నేనూ పక్కనే కూర్చుని ఏడ్చాను. బస్సుల కోసం నిలబడ్డవాళ్ళు మమ్మల్ని చూశారు గాని మా వెనక ఉన్న కాగితాన్ని చూడలేదు. చూసినా అందులో ఏముంది గనక.

అంటించకుండా మిగిలిన ఫోటోలు కొన్ని ఉన్నాయి. వాటిని పాలిథిన్ కవర్లలో పెట్టి, పాతవి పీకేసి ఇవి కట్టుకుంటూ ఆ రోజూ మర్నాడూ తిరిగాను. అలా తిరిగి తిరిగి రెండోరోజున ఆటోనగర్లో ఒక టీకొట్టు దగ్గరికి చేరాను. కొట్టు తడిక మీద తమ్ముడు అంటించిన కాగితం ఉంది, ముఖం లేకుండా.

"అన్నా, ఇది తీసేసి వేరేది కట్టుకుంటాను" అన్నాను.

"తీసెయ్యమ్మా. నాకు సదువు రాదు. నిన్న ఒక ముసలాయన టీకొచ్చేడు. ఇదేటి పెద్దాయనా, బొమ్మ సూత్తే మడిసో ఏటో తెల్డంలేదు, ఏటి రాసేరు అనడిగేను. పాపం, దగ్గరికెల్లి అచ్చరం అచ్చరం సదివి సెప్పేడు. పేరు కూడా సదివేడు."

నేను కవర్లు బల్ల మీద పెట్టేశాను. "చదివి ఏమన్నాడు?"

"ఎవరి తండ్రో పాపం, పిల్లలు ఎంత ఎతుకుతన్నారో అన్నాడు. కల్లంట నీల్లెట్టుకున్నాడమ్మా. దొరుకుతాడంటావా అన్నాను. దొరుకుతాడు, దొరక్క ఎక్కడికెల్తాడు, అన్నాడు."

"తెల్లచొక్కానా?"

"కాదమ్మా, ఫ్యాక్టరీ నీలం సొక్కా. తడిసిపోయేడని ఎవరో ఇచ్చినట్టున్నారు. ఎల్తా ఎల్తా ఇలగన్నాడు." కొట్టాయన తన చొక్కా జేబులో చెయ్యి పెట్టి, తీసి, ఖాళీ అరచెయ్యి నా ముఖం ముందు చాపాడు. "ఏటో అడుగుతన్నాడనుకుని ఒక బిస్కెట్టు ఎట్టేను సేతిలో."

నేను కవరులోంచి ఫోటో తీసి చూపించాను. ఆయన పొయ్యి ముందునుంచి లేచి, చేతులు తుడుచుకుని, దగ్గరగా పట్టుకున్నాడు. ఒక్క గీత లేని నుదురు, చామనచాయ, కళ్ళు.

"ఓలమ్మా" అన్నాడు. "ఈయనే కదమ్మా. ఈ బొమ్మే ఉంటే నాను ఆయన్ని ఒగ్గుదునా, ఎల్లనిద్దునా?"

ఏ వైపు వెళ్ళాడో ఆయనకు తెలియదు. అప్పుడే ఏదో బస్సు వచ్చి ఆగిందట, జనం దిగారట, ఎక్కారట. మేం ఆ బస్సులన్నీ ఎక్కాం, దిగాం. ఆస్పత్రులు, సత్రాలు, నాన్న పుట్టిన పద్మనాభం వైపు ఊళ్ళు, అన్నీ తిరిగాం. కొత్త ఇంకు కొన్నాను, ప్రెస్సులో అచ్చు కూడా వేయించాను. రంగులన్నీ బాగా వచ్చాయి.

ఇప్పటికీ తమ్ముడు ఆటోనగర్ వెళ్ళినప్పుడు ఆ కొట్టులో టీ తాగి వస్తాడు. ఏమైనా తెలిసిందా అని నేను అడగను, వాడూ చెప్పడు. దొరుకుతాడు, దొరక్క ఎక్కడికెళ్తాడు, అని మా నాన్నే తన నోటితో అన్నాడు. ఆయన అబద్ధమాడగా నేనెప్పుడూ వినలేదు.