ఆచారి సారు చెప్పనన్న మాట

ఈ పొద్దున తరగతిలో నేనొక తప్పు చేశాను. విశ్వం ఒకప్పుడు అతి చిన్నదిగా, అతి వేడిగా ఉండి విస్తరించిందని ఇంటర్ పిల్లలకు చెబుతున్నాను. హొళగుంద నుంచి రోజూ బస్సులో ఆదోని వచ్చి చదువుకునే నాగవేణి లేచి, "సార్, మొదలంటూ ఉంటే మొదలుపెట్టినోడు ఉండాల కదా?" అని అడిగింది. "ఉంటే ఫోన్ నంబరు ఇయ్యమ్మా, కనుక్కుందాం" అన్నాను. తరగతంతా నవ్వింది. ఆ పిల్ల కూర్చుని పుస్తకం మూసేసింది. ఈ ఏడాదిలో ఆమె అడిగిన మొదటి ప్రశ్న అది.

మధ్యాహ్నం కొళాయి దగ్గర చేతులు కడుక్కుంటుంటే తడిసిన సుద్ద వాసన వచ్చింది. ఒంటి మీద ముద్రలు వేసుకునే తడి గోపీచందనం వాసన కూడా దాదాపు అలాగే ఉంటుంది. ఎమ్మిగనూరులో నాకు సైన్సు చెప్పిన గురురాజాచారి సారు పూజ ముగించుకుని నేరుగా బడికి వచ్చేవారు. కణతల మీద ఆ మట్టి ముద్రలు ఇంకా ఆరకుండానే ఉండేవి. వాళ్లది తరతరాలుగా గుడి సేవ చేసే కుటుంబం. నేను పాఠాలు చెప్పే వృత్తిలోకి వచ్చింది ఆయన్ను చూసే.

ఒకరోజు ఆయన పాత సైకిల్ ట్యూబు ముక్క మీద సుద్దతో చుక్కలు పెట్టి, రెండు కొసలూ మా చేత లాగించారు. చుక్కలు దూరమయ్యాయి. గెలాక్సీలూ ఇలాగే దూరమవుతున్నాయన్నారు. ఆయన్ను ఇరుకున పెట్టాలని నేను లేచాను.

"సార్, పొద్దున్నే పూజ సేసొచ్చినారు. ఇదంతా దేవుడు సేసినాడని సెప్పరేం?"

"నేను నమ్ముతానప్పా. నమ్మకం వేరే, రుజువు వేరే. మొదలుకు ముందర ఏముండెనో నాకు తెలీదు. తెలీనిచోట దేవుణ్ణి కూర్చోబెడితే, రేపు తెలిసినాక ఆయన్ను లేపాల్సొస్తాది. అట్ల లేపితే లేచి నిలబడే దేవుడు నాకొద్దు."

నేను చివరి ముక్క మాత్రం పట్టుకున్నాను. ఆచారి సారుకు దేవుడొద్దంట అని మా మగ్గాల వీధంతా టాంటాం వేశాను. వారం తిరక్కుండా, గుడి సేవ చూసుకునే ఆయన అన్నగారు బడి గేటు దగ్గరే ఆయన్ను నిలదీశారు. నేను పది అడుగుల దూరంలో ఉన్నాను.

"దేవుడొద్దన్నావంట. అవునా, కాదా?"

"అట్ల అనలేదన్నా."

"అయితే దేవుడున్నాడని సైన్సే సెప్తాందని రేపు గుడిలో అందరి ముందర సెప్పు. లేకుంటే సేవకు రావద్దు."

ఆ పుకారు నాదేనని నేనొక్క మాట అంటే సరిపోయేది. గేటు పక్క గోడ చాటుకు జరిగాను.

"సైన్సు అట్ల సెప్పదన్నా. లేడని కూడా సెప్పదు. సేవ కోసరం దేవుని ముందరే అబద్ధమాడల్నా?"

ఆ తర్వాత ఆయన్ను సేవకు పిలవలేదు. పండగ రోజుల్లో కూడా గుడి బయటే నిలబడి దండం పెట్టుకుని వెళ్లిపోయేవారు. పుకారు ఎవరిదో ఆయనకు తెలుసు. నాతో అన్నది ఇంతే: "అడిగేది మానొద్దప్పా. వినేది మాత్రం కడదాకా విను." క్షమాపణ చెప్పాలని ఏళ్ల తరబడి అనుకున్నాను. చెప్పకముందే ఆయన పోయారు.

ఈరోజు చివరి పీరియడు నాది కాదు. అడిగి తీసుకున్నాను. సారు ఏమన్నారో, దాన్ని నేనెలా విరిచి చెప్పానో, గేటు దగ్గర ఎలా మూగవాడినయ్యానో పిల్లలందరి ముందూ చెప్పాను.

"నాగవేణీ, నీ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. అది కప్పిపెట్టుకునేదానికి నిన్ను నవ్వులపాలు చేసినాను. తప్పు నాదమ్మా."

ఎవరూ నవ్వలేదు. గంట కొట్టబోతుండగా ఆమె లేచింది.

"రుజువు లేకుండా మీ సారు ఎట్ల నమ్మినాడు సార్?"

"అది నేను ఆయన్ను అడగనే లేదమ్మా" అన్నాను.