భూపాలపల్లిలో మేడం గారి దీవెన

జనగామ నుంచి భూపాలపల్లికి పోవాలంటే తెలివైనవాడు హన్మకొండ మీదుగా బస్సెక్కుతాడు. నేను మహబూబాబాద్ మీదుగా పోయే రైలెక్కాను. నా దారిన పోదామనుకునేవాళ్లు మంచినీళ్లు, ఓపిక రెండూ దండిగా వెంట ఉంచుకోండి.

ఎందుకు పోయానో ముందు చెప్పాలి. జనగామలో నాకు ఆటసామాన్ల దుకాణం ఉంది. టెన్నిస్ బంతులు బాగానే అమ్ముడవుతాయి, అన్నీ గల్లీ క్రికెట్‌కే. టెన్నిస్ బ్యాటు మాత్రం షాపు మొత్తానికి ఒక్కటే, తెచ్చిన రోజు నుంచీ గోడకు వేలాడుతోంది. అయినా ఈ చుట్టుపక్కల టెన్నిస్ లెక్క తెలిసినవాణ్ణి నేనేనని ఎలాగో పేరు పడింది. అందుకని ఏటా మార్చిలో భూపాలపల్లి సూర్యోదయ క్లబ్బువాళ్లు మహిళల పోటీకి నన్ను అంపైరుగా పిలుస్తారు. ఎవరు గెలుస్తారో పిలిచేటప్పుడే వాళ్లకు తెలుసు, నాకూ తెలుసు. ప్రమీల మేడం గెలుస్తారు.

మేడంకు అరవై దాటాయి. పెద్దాఫీసరుగా చేసి రిటైరయ్యారు, ఏ ఆఫీసో అడగకండి. క్లబ్బులో ఆమెతో ఆడేవాళ్లంతా ఒకప్పుడు ఆమె కింద పనిచేసినవాళ్లు, లేదా వాళ్ల కోడళ్లు. అక్కడ ఆట పుస్తకంలో లేని పద్ధతులు కొన్ని ఉన్నాయి. బంతిని మేడం కుడిచేతి దగ్గరికే వేయాలి, పెద్దమనిషిని ఉరికించడం మర్యాద కాదు. బంతి గీత మీద పడిందో బయట పడిందో అనుమానం వస్తే అది మేడం పాయింటే. ఆటకు ముందు ఎదుటి మనిషి మేడం కాళ్లు మొక్కాలి. ఆమె నెత్తిన చెయ్యి పెట్టి పెదవుల్లోనే ఏదో దీవిస్తారు. ఏమని దీవిస్తారో నేనెన్నడూ వినలేదు, అంపైరు కుర్చీ ఎత్తు మీద ఉంటుంది. దీవెన అందుకున్నవాళ్లు మాత్రం ఏటా క్రమం తప్పకుండా ఓడిపోతారు.

గెలిచినవాళ్లు ఈ చుట్టుపక్కల జిల్లాల తరఫున హైదరాబాదులో రాష్ట్ర పోటీలకు పోవాలి. మేడం ఏటా పోతారు, మొదటి ఆటలోనే మనవరాలి వయసు పిల్ల చేతిలో ఓడతారు, ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసి ఫొటో దిగి వస్తారు. ఆ ఫొటోల వరుస క్లబ్బు గోడ మీద 'యువతకు మార్గదర్శనం' అన్న పేరుతో పెరుగుతూ ఉంటుంది.

ఈసారి పోటీకి వారం ముందు మహబూబాబాద్ నుంచి ఫోన్ వచ్చింది. అక్కడి హాస్టల్ బడిలో ఆటలు నేర్పే సారు, నా షాపుకు పాత గిరాకీ.

"అన్నా, మా తండా పిల్ల ఒకతి ఆడ్తది. నాకు పరీక్షల డ్యూటీ పడ్డది. తల్లీబిడ్డలను జర నువ్వు తోల్కపో. పిల్ల బ్యాటు తీగలు తెగినయి, మీ షాపుల గోడకున్నది గుడ పట్టుకరా" అన్నాడు. ఆ తర్వాత అసలు సంగతి చెప్పాడు. పిల్ల రాష్ట్ర పోటీల్లో రెండు ఆటలు గెలిచి నిలబడితే స్పోర్ట్స్ హాస్టల్లో సీటు అడగవచ్చు. లేకపోతే ఇంటర్ పరీక్షలు కాగానే మేనమామ ఆమెను హైదరాబాదులో బట్టల దుకాణంలో పెడతానన్నాడు, మాట కూడా అయిపోయింది.

శనివారం పొద్దున ఎనిమిదికి రావాల్సిన రైలు తొమ్మిది దాటాక వచ్చింది. కిటికీ పక్కన కొడకండ్ల రైతు ఒకాయన కూర్చున్నాడు. నా ఒళ్లోని బ్యాటును తిప్పి తిప్పి చూశాడు.

"గీ దోమల బ్యాటుకు చార్జింగ్ ఎంతసేపొస్తదే?"

ఇది ఆట బ్యాటని, పోటీకి పోతున్నానని, మేడం సంగతి ఇదని చెప్పాను. ఆయనకు నమ్మబుద్ధి కాలేదు.

"అరవై ఏండ్లామె గంత ఉరుకుతదా?"

"ఆమె ఉరకది. బంతే ఆమె కాడికి వస్తది."

"గట్లయితే మా ఊరి పెద్దమనిషి తీరే ఉన్నది" అని ఆయన కండువా మొహం మీద వేసుకుని నిద్రపోయాడు. టెన్నిస్ గురించి నేను విన్న విశ్లేషణల్లో అంత పొట్టిది, అంత సరైనది మరొకటి లేదు.

కాజీపేటలో రైలు చాలాసేపు ఆగింది. మిర్చి బజ్జీలు తిని చాయ్ తాగాను, బజ్జీలు బాగున్నాయి, చాయ్ గురించి మాట్లాడను. మహబూబాబాద్ చేరేసరికి పన్నెండు దాటింది. బస్టాండులో తల్లీబిడ్డలు నా కోసం చూస్తున్నారు. తల్లి పేరు కమ్లి. గూడూరు దగ్గరి తండాలో మిర్చి వేస్తుంది, ఏరుతుంది, ఆరబోస్తుంది. బిడ్డ మౌనిక. పిల్ల పొట్టిగా ఉంది, భుజాలు మాత్రం గట్టివి. బ్యాటు చేతికివ్వగానే తీగలు మీటి చూసి నవ్వింది.

బస్సు గూడూరు మీదుగా పోతుంటే రోడ్డు పక్కన కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. ఘాటుకు బస్సులో సగం మంది తుమ్మారు. కమ్లి తుమ్మలేదు. తల్లీబిడ్డలు వాళ్లలో వాళ్లు లంబాడీలో మాట్లాడుకున్నారు, నాతో తెలుగులో.

"మీ సారు ఆట ఎట్ల నేర్పిండు?" అని పిల్లను అడిగాను.

"మనిషి లేనికాడ కొట్టుమన్నడు సార్."

"ఇంకా?"

"ఇంకేం లేదు సార్. గదే."

సూర్యోదయ క్లబ్బు వ్యవస్థ మొత్తం మనిషి ఉన్నచోటే బంతి కొట్టడం మీద నిలబడి ఉంది.

నర్సంపేటలో బస్సు మారాం. భోజనానికి స్టాండు ఎదుటి మెస్సు పరవాలేదు, పప్పు అడిగినంత వేస్తారు, కూర అడిగితే మొహం చూస్తారు. ములుగు దాటాక అడవి, ఆ తర్వాత బొగ్గు లారీలు. భూపాలపల్లిలో దిగేసరికి ఆరైంది, నా తెల్ల చొక్కా అప్పటికే బూడిద రంగుకు వచ్చింది. ఉండడానికి క్లబ్బువాళ్లే రెండు గదులిచ్చారు. ఫ్యాను తిరుగుతుంది, గాలి రాదు.

ఆదివారం పొద్దున ఆరున్నరకు ఆటలు మొదలయ్యాయి. కోర్టు ఒక్కటే. దాని వెనక పెద్ద ఫ్లెక్సీ కట్టారు. పైన 'యువతే టెన్నిస్ భవిష్యత్తు' అని రాసి, కింద మేడం నిలువెత్తు ఫొటో వేశారు. యువత బొమ్మ కోసం వెతికాను. మూలన ఒక బంతి ఉంది.

ఈ పోటీలో ఆట అంటే ఒక్క సెట్టే. మౌనిక మొదటి ఆట గెలిచింది. రెండో ఆటలో శారదక్కను ఓడించింది. శారదక్క మేడం ఆఫీసులోనే టైపిస్టు, ఏటా ఫైనల్లో ఓడిపోయే బాధ్యత ఆమెదే. ఈసారి ఆ బాధ్యత తప్పినందుకు ముఖం వెలిగిపోయింది. పిల్ల దగ్గరికి వచ్చి చెమట తుడుచుకుంటూ చెప్పింది.

"మంచిగ ఆడినవ్ బిడ్డా. ఫైనల్ల మాత్రం మేడంను ఉరికియ్యకు. పెద్దామె. మేమెవ్వరం ఉరికియ్యం."

ఆ మాట కమ్లి విన్నది. అక్కడే పిల్ల సగం ఓడిపోయిందనుకున్నాను. కమ్లి కొంగు సర్దుకుని బిడ్డను పక్కకు పిలిచింది.

"నీ నాయినమ్మంత ఉన్నది. పదిమందిల ఆమెను ఆగం జేస్తవా? నలుగురు ఏమంటరు, తండాల పెంపకం గింతేనంటరు."

"మరి నేను ఓడిపోవాల్నా అమ్మా?"

కమ్లి పోయి నీడన కూర్చుంది. నాకు ఒళ్లు మండింది. బట్టల దుకాణంలో చీరలు మడతపెట్టే బతుకు ఒక పక్క, నలుగురు ఏమంటారో అన్న భయం ఒక పక్క. మన దగ్గర రెండోదే ఎప్పుడూ గెలుస్తుంది.

ఫైనలు ఎనిమిదికి. కానీ ముఖ్య అతిథి పదిన్నరకు వచ్చి, క్రీడల భవిష్యత్తు గురించి అరగంట మాట్లాడాడు. మధ్యలో రెండుసార్లు టెన్నిస్‌ను టేబుల్ టెన్నిస్ అన్నాడు. పదకొండు గంటలకు ఎండ నెత్తిన పడింది. రోజూ చల్లటి పూట గెలవడం అలవాటైన మేడం గొడుగు కింది నుంచి కోర్టులోకి వచ్చేసరికే తువ్వాలు సగం తడిసింది.

నేను కుర్చీ ఎక్కాను. మౌనిక పోయి మేడం కాళ్లు మొక్కింది. మేడం పిల్ల నెత్తిన చెయ్యి పెట్టి ఎప్పటిలాగే పెదవుల్లో ఏదో అన్నారు. పిల్ల లేచి, నీళ్ల బాటిల్ కోసం తల్లి దగ్గరికి వచ్చింది. వాళ్లు నా కుర్చీ కిందే నిలబడ్డారు.

"ఏమన్నది బిడ్డా?"

"గెలువుమన్నది."

కమ్లి ముఖం మారిపోయింది. "గెలువుమన్నదా? నెత్తిమీద చెయ్యి పెట్టి?"

"ఆఁ."

"గట్లయితే ఓడిపోతివో, పెద్దామె నోటిమాట వట్టిగ పోతది. అది ఇంకా పాపం. కొట్టు."

ఆ తర్వాత జరిగినదాన్ని ఆట అనడం కష్టం. మౌనిక మనిషి లేనిచోట కొట్టింది. మేడం కుడివైపు ఉంటే ఎడమకు, వెనక ఉంటే వల దగ్గరికి. మొదటి గేములో మేడం కదలకుండా నిలబడి, బంతి తన దగ్గరికి ఎందుకు రావడం లేదో అన్నట్టు నావైపు చూశారు. రెండో గేము నుంచి ఉరికారు. ఒప్పుకోవాలి, ఆమెకు ఆట వచ్చు. రెండు బంతులు ఎంత పదునుగా తిప్పారంటే మౌనిక బోల్తా పడబోయింది. వయసులో ఉన్నప్పుడు ఎవరైనా ఆమెతో నిజంగా ఆడి ఉంటే ఎక్కడో ఉండేవారు. ఆ మర్యాద ఆమెకు ఎవరూ చేయలేదు.

ఐదో గేములో మౌనిక బంతి గీత అంచు మీద పడింది. క్లబ్బు సెక్రెటరీ రాజయ్య నావైపు చూసి దగ్గాడు. నేను అటు చూడకుండా "లోపలే" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. పిల్ల సెట్టు గెలిచింది, మేడంకు దక్కింది ఒక్క గేము. చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక జనమంతా మేడం వైపు చూశారు.

రాజయ్య నా చెవిలో గుసగుసలాడాడు. "ఏం జేద్దం సార్? హైదరాబాదుకు మేడం పేరు పోయిన వారమే పంపినం. గిట్లయితదని ఎవలనుకున్నరు? పిల్లను వచ్చే ఏడు చూద్దమంటే సరి."

"ఫైనల్ కాకముందే పేరు పంపుడేంది?" అన్నాను కోపంగా.

"ఏటా గట్లనే పంపుతం గద సార్" అన్నాడు, ఇందులో తప్పేముందన్నట్టు.

ఇంతలో మేడం మౌనిక ముందుకు వచ్చి నిలబడ్డారు. ముఖం కందిపోయింది, ఊపిరి అందడం లేదు. "పెద్దంతరం చిన్నంతరం లేదా నీకు? ఎవరు నేర్పిండ్రు నీకు ఈ ఆట?"

పిల్ల చేతులు కట్టుకుని, అందరికీ వినపడేట్టు చెప్పింది. "మీరే గెలువుమన్నరు గద మేడం."

కమ్లి ముందుకొచ్చి దండం పెట్టింది. "అవునమ్మా. నీ నోటిమాట నిలబెట్టాలని నేనే కొట్టుమన్న. నీ దీవెన సల్లగుండ."

మేడం పిల్లను కాసేపు కళ్లు చిన్నవి చేసి చూశారు. తర్వాత జనాన్ని చూశారు. ముఖ్య అతిథి, ఫొటోలు తీసేవాళ్లు, పాత ఉద్యోగులు, కోడళ్లు అందరూ ఆమె మాట కోసం ఆగి ఉన్నారు. అంత పెద్ద ఆఫీసు నడిపిన మనిషికి ఏ దారిలో పరువు నిలబడుతుందో కనిపెట్టడం ఎంతసేపు? మైకు అందుకున్నారు.

"ఈ పిల్ల నెత్తిన చెయ్యి పెట్టి నేనే గెలువుమన్న. గెలిచింది! నా మాట ఎన్నడన్న వట్టిగ పోయిందా? రాజయ్యా, హైదరాబాదుకు ఈ పిల్ల పేరు పంపు. ఇప్పుడే, నా ముందరనే."

రాజయ్య అక్కడే నిలబడి ఫోన్ చేశాడు. చప్పట్లు మారుమోగాయి. ముఖ్య అతిథి మొదట మేడంకు శాలువా కప్పి, తర్వాత పిల్లకు కప్పు ఇచ్చాడు. నా పక్కనున్న శారదక్క మాత్రం చప్పట్లు కొట్టలేదు.

"నాకైతే ఎన్నడు గెలువుమనలే సార్" అంది.

"మరేమనేది?"

"పోనీయుండ్రి" అని టిఫిన్ డబ్బా సర్దుకుంది.

తిరుగు బస్సు రెండున్నరకు దొరికింది. వచ్చిన దారే, అవే లారీలు, అదే దుమ్ము. కమ్లి కప్పును కొంగులో చుట్టి ఒళ్లో పెట్టుకుని, ములుగు రాకముందే నిద్రపోయింది. నేను ఈ ప్రయాణం గురించి ఏం రాయాలా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. భూపాలపల్లి చూడదగ్గ ఊరే, ఎండలు ముదరకముందు పోతే మంచిది. టెన్నిస్ భవిష్యత్తు సంగతి ముఖ్య అతిథినే అడగండి. నాకు తెలిసింది ఒక్కటే, వచ్చే ఏడాది ఆ ఫ్లెక్సీ మీద మేడం పక్కన ఈ పిల్ల ఫొటో ఉంటుంది, కింద 'మేడం దీవెన ఫలం' అని రాసి ఉంటుంది.

శారదక్క మాట మాత్రం నన్ను వదల్లేదు. కాస్త ముందుకు వంగి మౌనికను మెల్లగా అడిగాను.

"మేడం నీతోటి గెలువు అనే అన్నదా?"

పిల్ల పక్కకు తిరిగి తల్లి నిద్రపోతోందో లేదో చూసింది. గొంతు తగ్గించింది.

"అనలే సార్. 'జల్ది అయిపోగొట్టు పిల్లా, ఎండకు నాతోని కాదు' అన్నది."

"మరి మీ అమ్మకు గట్ల చెప్పినవేంది?"

"చెప్పకుంటే అమ్మ కొట్టనిస్తదా?" అని నా పాత బ్యాటును ఒడిలో సర్దుకుంది. "మేడం మాట గుడ తప్పలే సార్. జల్దిగనే అయిపోగొట్టిన."