గుర్రానికి లేని పిత్తాశయం

మా అనాటమీ సారు పోయారని మొన్న శనివారం పొద్దున తెలిసింది. బద్వేలు దగ్గర ఒక పల్లెలో గొర్రెలకు టీకాలు వేస్తున్నాను. కాలేజీలో నాతో చదివిన స్నేహితురాలు ఫోన్ చేసి, కడపలో ఇంట్లోనే, నిద్రలోనే వెళ్లిపోయారని చెప్పింది. సిరంజి పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. ఏడవాల్సింది పోయి ముందు నవ్వొచ్చింది. ఆయన ప్రాక్టికల్ క్లాసు గుర్తొస్తే ఎవరికైనా నవ్వే వస్తుంది.

పశువైద్య కాలేజీలో మాకది మొదటి ఏడాది. బల్ల మీద ఐదు ట్రేలలో ఐదు కాలేయాలు పెట్టించేవారు. ఆవుది, గొర్రెది, పందిది, కుక్కది, గుర్రానిది. పిత్తాశయం ఎక్కడుందో చూపించమనేవారు. గొర్రెకైతే తేలికే, కాలేయం అంచు దాటి పచ్చగా వేలాడుతుంటుంది. కుక్కకు మడతల మధ్య దాక్కుని ఉంటుంది, వేలుపెట్టి తెరిచి చూడాలి. గుర్రం దగ్గరికొచ్చేసరికి మా ప్రాణం మీదికొచ్చేది. దానికసలు పిత్తాశయమే ఉండదు. ఆ సంగతి చెప్పకుండా, ఏమీ ఎరగనట్టు చేతులు కట్టుకుని నిలబడేవారు మహానుభావుడు. నేను దొరికిన నాళాన్నొకదాన్ని పట్టుకుని, ఇదే సార్ అన్నాను.

"శానా బాగుండాది పాపా. దేవుడు పెట్టేది మర్చిపోతే నువ్వు పెట్టినావు," అన్నారు. క్లాసంతా ఒకటే నవ్వు.

గుర్రం దినమంతా మేస్తానే ఉంటుందనీ, పిత్తం ఊరింది ఊరినట్టు పేగులోకి పోతుంటుందనీ, దాచిపెట్టుకునే తిత్తి దానికెందుకనీ తర్వాత నెమ్మదిగా చెప్పారు. ల్యాకుంటే ల్యాదని చెప్పేకి సిగ్గెందుకని ప్రతి బ్యాచినీ అడిగేవారట.

కాలేయాలు చెడకుండా పోసే ఫార్మలిన్ వాసన పోవాలని చేతులు సబ్బుతో మూడుసార్లు కడుక్కునేవారు. అయినా నమ్మకం లేక బొరుగులతో చేసే ఉగ్గాని కూడా చెంచాతోనే తినేవారు. ఇంట్లో కోడి కోస్తే చేదు తిత్తి పగలకుండా తీసే పని ఆయనదే. కొంపలో తనకున్న పదవి అదొక్కటేనని మాతో చెప్పుకునేవారు.

డోన్ వైపు నా మొదటి పోస్టింగులో, పెళ్లి ఊరేగింపులకు తిప్పే గుర్రమొకటి చచ్చిపోయింది. పక్కింటి గొర్రెల కాపరే విషం పెట్టాడని దాని యజమాని ఫిర్యాదు చేశాడు. పోలీసులు ఆ కాపరిని స్టేషన్లో కూర్చోబెట్టారు. పోస్టుమార్టం నేనే చేశాను. పేగు మెలిపడి చచ్చింది, విషం జాడే లేదు. అదే రాసిచ్చాను, మర్నాడు చూసి కాపరి సంగతి తేలుస్తానన్నాడు ఎస్సై. సాయంత్రం సారుకు ఫోన్ చేసి, జరిగింది చెప్పి, రిపోర్టంతా గొప్పగా చదివి వినిపించాను. 'పిత్తాశయం మామూలుగా ఉంది' అన్నచోట ఆపేశారు. గొర్రెలకు రాసీ రాసీ అలవాటైన చెయ్యి, గుర్రానికీ అదే రాసేసింది.

అది ఎవరు పట్టించుకుంటారులే సార్ అన్నాను.

"రేపు లాయరు పట్టించుకుంటాడు. ల్యాని దాన్ని చూసినానని రాసినావే, మెలిపడిన పేగును మాత్రం చూసినావంటే ఎవరు నమ్ముతారు? స్టేషన్లో కూర్చున్న ఆయప్ప గతేం కావాల పాపా?"

ఆ గొంతులో అంత కోపం నేనెప్పుడూ వినలేదు.

మర్నాడు కడపలో మొదటి బస్సెక్కి మధ్యాహ్నానికల్లా వచ్చేశారు. హమ్మయ్య, ఎస్సైతో ఆయనే మాట్లాడతారనుకున్నాను. ఆయనేమో స్టేషన్ బయట బెంచీ మీద కూర్చుని, లోపలికి నన్నొక్కదాన్నే పొమ్మన్నారు. గుర్రానికి పిత్తాశయం ఉండదనీ, చూడకుండా రాశాననీ, పేగును మాత్రం ఈ చేతులతోనే పట్టుకుని చూశాననీ చెప్పాను. ఎస్సై, ఇంత మాట ఒప్పుకున్న మనిషి మిగతాది అబద్ధం చెప్పదులే అన్నాడు. రిపోర్టు మళ్లీ రాయించుకుని కాపరిని పంపేశాడు.

బయటికొచ్చిన కాపరి, సారు నెరిసిన తల చూసి ఆయనే డాక్టరనుకున్నాడు. వంగి దండం పెట్టబోతే, సారు ఆ రెండు చేతులూ పట్టుకుని అతన్ని నా వైపు తిప్పారు.

"నాకు కాదప్పా. నిన్ను ఇడిపించింది ఆ యమ్మ."

నా తప్పు గురించి ఒక్క ముక్క ఎత్తలేదు. అతను నాకు దండం పెడుతుంటే సిగ్గుతో తలెత్తలేకపోయాను, ఏడుపు ఆగలేదు. సారు అతని భుజం మీద చెయ్యేసి, నీ గొర్రెలు ఇప్పుడు ఎవరు మేపుతాండారప్పా అని అడుగుతూ టీ కొట్టు వైపు నడిపించుకుపోయారు. నేను కళ్లు తుడుచుకునేదాకా వెనక్కి తిరగలేదు.